అరకు కొండవాలులో గాజు ముఖం ఏ-ఫ్రేమ్ కాటేజీ: కట్టొచ్చా?

వారాంతం_హైద్: అందరికీ నమస్కారం. అరకు దగ్గర కొండవాలులో రెండు గదుల కాటేజీ కట్టాలని మేం అన్నదమ్ములం అనుకుంటున్నాం. ఇప్పుడు అందరూ కడుతున్న ఏ-ఫ్రేమే, అంటే ఇంగ్లీషు A అక్షరంలా రెండువైపులా కప్పే కిందిదాకా దిగే త్రికోణపు ఇల్లు: ముందువైపు నేల నుంచి కొన దాకా గాజు, నల్లరంగు స్టీలు ఫ్రేము, బయట చెక్క డెక్కు. మా ఆవిడేమో పెంకుటిల్లు చాలంటోంది. కొండ మీద ఏది మంచిది? కట్టినవాళ్లు చెప్పండి.

స్టీలుశీను: ఏ-ఫ్రేమే. ఈ పని చేసేవాణ్ణి కాబట్టి చెబుతున్నా. కాంక్రీటు ఇల్లయితే కొండ కోసి చదును చేయాలి, ఇసుక, కంకర ఘాట్ రోడ్డు మీదుగా మోయాలి. స్టీలు ఫ్రేమయితే విశాఖలోనే కోసి, వెల్డింగు చేసి, పైకి తీసుకెళ్లి బోల్టులు బిగించడమే. కాళ్ల మీద నిలబెడితే వాలు వాలులాగే ఉంటుంది, వాననీళ్లు కిందనుంచి వాటి దారిన అవి పోతాయి. వానకి ఏటవాలు కప్పును మించింది లేదు.

గోడనీడ: శీను గారూ, కాళ్ల మీద నిలబెట్టడం వరకు నేను మీతోనే. నేను ఆర్కిటెక్టుని. 2024 జులైలో వయనాడులో కొండచరియలు ఊళ్లనే తుడిచిపెట్టడం చూశాక వాలు కోయమని ఎవరికీ చెప్పను. నా పేచీ గాజుతో. ఈ ఆకారం మంచు కురిసే దేశాల్లో బాగా నప్పుతుంది, కప్పు మీద మంచు పేరుకోకుండా జారిపోతుంది. అక్కడ ఎండ కావాలి కాబట్టి ముందంతా గాజు. అరకులో ఏప్రిల్ మధ్యాహ్నం పడమటి ఎండ ఆ గాజులోంచి నేరుగా మంచం మీద పడుతుంది. చూరు లేదు, వరండా లేదు, అడ్డుపడేదే లేదు. వేడిగాలంతా పైనున్న అటక పడకలో చేరుతుంది. చివరికి ఏసీ పెట్టిస్తారు. చల్లదనం కోసం కొండెక్కి ఏసీ ఇల్లు కట్టుకోవడం నాకు మింగుడుపడదు. జనవరిలో ఇంకో బాధ. రాత్రి గదిలో ఉన్న తేమంతా చల్లటి గాజుకి పట్టి నీళ్లు కారతాయి.

స్టీలుశీను: కారవు. మేం 12 మి.మీ. టఫెన్డ్ గాజు, అంటే గట్టిపరిచిన గాజు వేస్తాం.

గోడనీడ: మందం బలానికి, చెమ్మకి కాదు. ఒంటి గాజు 6 మి.మీ. అయినా 12 అయినా చలి దాదాపు ఒకేలా దిగుతుంది. మధ్యలో గాలి పొర ఉన్న జంట గాజు వేస్తే వేడి బయటికి పోవడం సగానికి సగం తగ్గుతుంది. మీ కొటేషన్‌లో జంట గాజు ఉందా?

స్టీలుశీను: అడిగిన పార్టీకి వేస్తాం. రేటు వినగానే వద్దంటారు. అయినా మా 12 మి.మీ. గాజు ఇంతవరకు ఎక్కడా పగల్లేదు.

గోడనీడ: పగులుతుందని ఎవరన్నారండీ?

బీచ్‌రోడ్_కుర్రాడు: ఫొటోకి మాత్రం ఏ-ఫ్రేమే.

రెండోకాఫీ: పోయిన సంక్రాంతికి లంబసింగి దగ్గర ఇలాంటి దాంట్లోనే దిగాం. పేరు చెప్పను. తెల్లారి లేచేసరికి కర్టెన్ అడుగు పిండితే నీళ్లు కారేంత తడి. దాని వెనక గాజు అంచున నల్లటి బూజు. మా అమ్మకి ఉబ్బసం, రాత్రంతా కూర్చునే ఉంది. డబ్బు తిరిగి ఇమ్మంటే ‘ఇక్కడ చలి అంతే మేడమ్, అందుకేగా వచ్చారు’ అన్నాడు. అప్పట్నుంచి గాజు ఇల్లు కట్టేవాళ్లని నేను నమ్మను.

స్టీలుశీను: డబ్బు ఇవ్వకపోవడం ఆ ఓనరు తప్పు. దానికి గాజునంటే ఎలా అమ్మా?

రెండోకాఫీ: తడి నా చేత్తో పట్టుకుని చూశానండీ.

స్టీలుశీను: సరే, పెంకుటిల్లు సంగతీ మాట్లాడదాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ విమానాశ్రయం కప్పునే లేపేసింది. ఆ గాలికి పెంకులు ఆగుతాయా? నా ఫ్రేము పునాదికి బోల్టు వేసి ఉంటుంది.

గోడనీడ: గాలి లేపింది పెద్ద రేకుల కప్పునే కదా. పెంకును కట్టే పద్ధతిలో కడితే, కింద వాసాలకి తీగతో బిగిస్తే ఆగుతుంది. అరకు చుట్టుపక్కల గూడేల్లో పాత ఇళ్లు చూడండి. మందపాటి మట్టిగోడ, ఎర్రమట్టి అలుకు, గోడకి వాన తగలకుండా బాగా కిందికి దిగిన చూరు, ముందు అరుగు. పగటి వేడిని గోడ పట్టి ఉంచి రాత్రి మెల్లగా వదులుతుంది. ఆ వాతావరణానికి అంతకంటే తెలివైన ఇల్లు నేను గీయలేను. దాన్ని పక్కనపెట్టి ఎక్కడో ఫొటోలో చూసిన త్రికోణం దించడం ఆ ఊరి అందాన్ని చెరపడమే. బాధేమిటంటే అక్కడివాళ్లే ఆ ఇళ్లు పడగొట్టి సిమెంటు గోడలు లేపుతున్నారు.

గిరిబాట: మేడమ్, గౌరవంగానే అడుగుతున్నాను. మట్టింట్లో మీరు ఎన్ని వానాకాలాలు గడిపారు? వానలు తగ్గగానే మా అమ్మ గోడ అడుగున కరిగిన చోటల్లా మట్టి మెత్తి, పేడతో అలుకుతుంది. పండగ వస్తే మళ్లీ ఎర్రమట్టి. పెంకులు జరిగితే కప్పెక్కేది నేను. మా ఊళ్లో సిమెంటు గోడ కట్టినవాళ్లు అందం తెలియక కట్టలేదు, ఆ చాకిరీ తప్పుతుందని కట్టారు. మీరు చూసేది అరుగు మీది చల్లదనం. మా అమ్మ చేతులు మీరు చూడలేదు.

మాకు కాఫీ తోట అంచున రెండు గదుల హోమ్‌స్టే ఉంది. ఫోన్ చేసినవాళ్లు మొదట అడిగేది ‘గాజు ఉందా?’ అని. లేదంటే పెట్టేస్తారు. నాకూ గాజు గది కావాలి. అప్పు కోసం తిరిగి తిరిగి వదిలేశాను.

ఇక మొదటి పోస్టు పెట్టిన అన్నగారూ, డిజైను సరే, స్థలం ఎవరిది?

వారాంతం_హైద్: మేం అడిగింది డిజైను గురించి. స్థలం లోకల్ అతని పేరు మీదే ఉంది, మాది 30 ఏళ్ల లీజు. అంతా అగ్రిమెంటు రాసుకునే చేస్తున్నాం.

గిరిబాట: అందుకే అడిగాను. ఇది షెడ్యూల్డ్ ప్రాంతం. గిరిజన ప్రాంతాల్లో భూమి చేతులు మారడాన్ని కట్టడి చేసే 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరుడికి అమ్మకమే కాదు, లీజు, తాకట్టు, బహుమానం ఏదీ చెల్లదు. మా మేనమామ పేరు మీద పట్టా ఉంది. ఆ భూమిలో ఒకరి కాటేజీ ఉంది. ఆ గేటు దగ్గర మా మామ వాచ్‌మన్. అధికారులు వస్తే ఆయన్నే పిలుస్తారు, కాగితం మీద ఉన్నది ఆయన పేరే కదా. మీరంతా చెమ్మ గురించి ఇంతసేపు మాట్లాడారు, ఆ నేల ఎవరిదని ఒక్కరూ అడగలేదు.

నర్సీపట్నం_వకీలు: ఆయన చెప్పింది నిజం. గిరిజనేతరులు తమలో తాము అమ్ముకున్నా చెల్లదు. సమతా అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో 1997 తీర్పు వచ్చింది పక్కనే అనంతగిరి మండలం గనుల లీజుల మీద. అక్కడ ప్రభుత్వం కూడా గిరిజనేతరులకి లీజు ఇవ్వకూడదని సుప్రీంకోర్టు తేల్చింది.

స్టీలుశీను: ఇలా ప్రతిదానికీ చట్టం తీస్తే కొండ మీద పనే ఉండదు తమ్ముడూ. నా దగ్గర వెల్డింగు నేర్చుకున్న ముగ్గురు మీ పాడేరు వైపు కుర్రాళ్లే. కాటేజీలు ఆగితే వాళ్లకి కూలి ఎవరిస్తారు?

గిరిబాట: ముగ్గురికి పని నేర్పారు, సంతోషం శీనన్నా. వాళ్లు ఓనర్లు ఎందుకు కాకూడదు? మా స్థలంలో మాకే కట్టండి. చట్టం దాన్ని ఆపదు.

గోడనీడ: మట్టింట్లోనే ఉండమని నేననలేదు. రాతి పునాది, స్టీలు ఫ్రేము, పైన పెంకు, గాజు ఉత్తరం వైపు మాత్రమే, దానిపైన మూడడుగుల చూరు. చాకిరీ ఉండదు, గది చల్లగానే ఉంటుంది.

గిరిబాట: లోయ కనిపించేది పడమటివైపు మేడమ్. జనం వచ్చేది దానికోసమే.

స్టీలుశీను: విన్నారా? గాజు పడమటికే కావాలి. 12 మి.మీ. వేస్తా.

గోడనీడ: పడమటికి పెట్టాల్సి వస్తే ముందు వరండా ఉండి తీరాలి, గాజు జంటది కావాలి. దీంట్లో మాత్రం నేను తగ్గను. గిరిబాట గారూ, కొలతలు పంపండి, మీకు డ్రాయింగు గీసిస్తాను. ఫీజు సంగతి ఆనక చూద్దాం.

వారాంతం_హైద్: మరి మేం అడ్వాన్సు ఇచ్చేశాం. ఇప్పుడు ఎవరిని అడగాలి, పట్టాదారునా, మధ్యవర్తినా?

నర్సీపట్నం_వకీలు: రసీదు ఎవరు రాసిచ్చారు?

వారాంతం_హైద్: మధ్యవర్తి.

గిరిబాట: అయితే అతన్నే అడగండి. అందులో పట్టాదారు చేతికి ఎంత ఇచ్చాడో కూడా అడిగి, ఇక్కడే రాయండి.