కల్పిత భాషలో దిక్కుల పేర్లు, జాతుల పేర్లు: కుడి అంటే ఉత్తరం ఎలా అయింది?

కాగితంపడవ:
ఒక ఫాంటసీ కథ రాస్తున్నా, దానికోసం సొంతంగా ఓ భాష కూడా అల్లుతున్నా, చిన్నదేలెండి, ఇంకా రెండొందల మాటలు కూడా లేవు. నాలుగు దిక్కులకి పేర్లు పెట్టేసి ఆ దిక్కున ఉండేవాళ్ళకి అదే పేరు తగిలించేద్దామని ప్లాన్. ఐడియా కోసం "లార్డ్ ఆఫ్ ది రింగ్స్" నవల రాసిన టోల్కీన్, అందులోని ఎల్ఫ్‌లు అనే కల్పిత జాతి కోసం అల్లిన క్వెన్యా భాష చూస్తే బుర్ర తిరిగింది. దక్షిణాన్ని హ్యార్మెన్ అంటారు, అందులో హ్యార్ అంటే ఎడమట. ఉత్తరం ఫోర్మెన్, అది కుడివైపట. మనకి దక్షిణహస్తం అంటేనే కుడిచెయ్యి కదా! ఆయన తిరగేశాడా, నేనే తప్పు చదివానా? ఇంకోటి, ఆయన కథల్లో రోహిర్రిమ్, హరద్రిమ్ అని జాతుల పేర్లున్నాయి, వీటి చివర్లో ఆ "రిమ్" ఏంటి?

పాతసిరా:
తప్పేం చదవలేదండి. మొహం ఎటు పెట్టి నిలబడ్డారన్నదే తేడా. సంస్కృతం వాళ్ళు తూర్పుకి తిరిగి నిలబడ్డారు, అందుకే పూర్వం అంటే తూర్పూ అదే ముందూ అదే, పశ్చిమం వెనక పడింది, కుడిచేతికి దక్షిణం వచ్చింది. ఎల్ఫ్‌లకి ముఖ్యమైనదంతా పడమటి సముద్రం అవతల ఉంది, కాబట్టి అటే తిరుగుతారు, అప్పుడు కుడిచేతికి తగిలేది ఉత్తరమే. 1955లో వచ్చిన "లార్డ్ ఆఫ్ ది రింగ్స్" మూడో సంపుటం అనుబంధంలో ఆయనే చెప్పాడు, దిక్కుల లెక్క పడమరతో మొదలెట్టి పడమర, దక్షిణం, తూర్పు, ఉత్తరం అని సాగుతుందని, చాలా మనుషుల భాషల్లో కుడిఎడమలు దీనికి రివర్స్‌లో ఉంటాయని కూడా. అంటే తెలిసే చేశాడు. మిగతా రెండూ సూర్యుణ్ణి బట్టి వచ్చాయి, నూమెన్ పొద్దు కుంకే వైపు, రోమెన్ పొద్దు పొడిచే వైపు. కన్నడలో పడువణ, మూడణ కూడా ఇదే పద్ధతి.

తోకచుక్క:
రిమ్ అంటే గుంపు, దండు, అది సిందారిన్ మాట, అంటే టోల్కీన్ ఎల్ఫ్‌లకి అల్లిన ఇంకో భాష. హరద్ అంటే దక్షిణం, హరద్రిమ్ అంటే దక్షిణపు దండు. రోహిర్రిమ్‌లో రోఖ్ గుర్రం, హీర్ దొర, చివర రిమ్. అది ఆల్రెడీ బహువచనం కాబట్టి దయచేసి "రోహిర్రిమ్‌లు" అని రాయకండి, నాకు పళ్ళు జిల్లుమంటాయి. అన్నిటికీ తోకే ఉండక్కర్లేదు కూడా, ఒక మనిషి అదాన్ అయితే పదిమంది ఎదాయిన్, లోపలి అచ్చులే మారిపోతాయి, పడమటి మనుషులు దూనెదాయిన్ అలా వచ్చిందే.

కానీ మీ ప్లాన్‌లో నాకు నచ్చనిది ఒకటుంది బ్రో. దక్షిణంవాళ్ళు అని పిలిచేది ఉత్తరాన ఉన్నవాళ్ళు, ఎవరి ఇల్లు వాళ్ళకి లోకం మధ్యలోనే ఉంటుంది కదా, తమని తాము అలా ఎందుకు పిలుచుకుంటారు? ఎల్ఫ్‌లు తమకి పెట్టుకున్న పేరు క్వెండి, గొంతుతో మాట్లాడేవాళ్ళు అని అర్థం. స్లావ్ భాషల్లో జర్మన్లకున్న పేరు చూడండి, నెమ్త్సీ, మూగవాళ్ళు అన్న మాట నుంచి వచ్చింది. మేం మాట్లాడతాం, వాళ్ళు మూగ! అందుకే ఒక్కో జాతికి కనీసం రెండు పేర్లు పెట్టండి, వాళ్ళది ఒకటి, పక్కోళ్ళు పెట్టింది ఒకటి. కథలో తగువులు కూడా వాటంతటవే పుట్టుకొస్తాయి.

ఉప్పుగాలి:
అసలు నాలుగు దిక్కులే ఉండాలని రూలేం లేదు. హవాయి భాషలో మౌకా అంటే కొండ వైపు, మకాయ్ అంటే సముద్రం వైపు, దీవిలో రోజువారీ దారి చెప్పుకోడానికి వాడేవి అవే. మీ జనం ఎక్కడుంటారో ముందు చెప్పండి.

కాగితంపడవ:
నది ఒడ్డున! అయితే ఎగువ, దిగువ చాలు, ఉత్తరం దక్షిణం పీకేస్తా. ఎగువోళ్ళు వీళ్ళని "బురదనీళ్ళు తాగేవాళ్ళు" అంటారు, వీళ్ళు తమని తాము "పడవమనుషులు" అనుకుంటారు. చిక్కల్లా ఏంటంటే మ్యాప్‌లో నా నది రెండుసార్లు వెనక్కి తిరుగుతుంది, ఒకడు ఎగువ అన్నది ఎదురొడ్డు వాడికి ఎటో... మ్యాప్ మళ్ళీ గీసుకొస్తా ఉండండి.