మనూరోళ్ల పుస్తకం నచ్చకపోతే రివ్యూ రాయాల్నా, ఊకోవాల్నా?

హన్మకొండ చౌరస్తా:
మా కాలేజ్ సీనియర్ అన్న కథల పుస్తకం ఏసిండు, కొనుక్కొని చదివిన. పన్నెండు కథలల్ల మూడు మస్తున్నయ్, మిగిలినయ్ నాకైతే ఎక్కలే. అన్నేమో రోజు మెసేజ్ పెడ్తుండు, తమ్మీ అమెజాన్ల ఫైవ్ స్టార్లు కొట్టి రెండు ముక్కలు రాయి అని. ఉన్నదున్నట్టు రాస్తే ఆయన నొచ్చుకుంటడు, అబద్ధం రాస్తే కొన్నోడు నన్ను తిట్టుకుంటడు. ఏం జెయ్యాలె?

కాజీపేట ప్యాసింజర్:
ఊకో తమ్మీ. సొంత పైసలు వెట్టి ఐదొందల కాపీలు అచ్చేయించుడే గొప్ప ఈ రోజులల్ల. మన పుస్తకాలకు మొత్తం నాలుగు రివ్యూలొస్తె ఎక్కువ, మూడు ఫైవ్‌లున్న కాడ నీ టూ స్టార్ ఒక్కటి పడ్తే సగటు 4.25కు దిగుతది. వేల రివ్యూలున్న ఇంగ్లిష్ బుక్కుకు అది దోమ కుట్టినట్టు గూడ ఉండది.

పరకాల అక్క:
నేను రాసినదాన్నే కాబట్టి చెప్తున్న. నా నవల ఆవిష్కరణకు నలుగురు మాట్లాడిండ్రు, శాలువ కప్పిండ్రు, అండ్ల ఇద్దరు పుస్తకం విప్పనే లేదు, ఒకాయనైతే నా హీరోయిన్ పేరే తప్పు జెప్పిండు, అయినా చప్పట్లే చప్పట్లు. ఎనిమిది నెలలు గడిచినయ్, మిగిలిన కాపీలు మంచం కింద అట్టపెట్టెలల్ల ఉన్నయ్, అప్పుడు ఎవరో తెల్వని పిల్ల, జమ్మికుంటామె అట, మూడు స్టార్లిచ్చి నాలుగు లైన్లు రాసింది. "42వ పేజీల ముసలమ్మ 'వచ్చేశాను' అంటది, మా దిక్కు ముసలోళ్లు 'అచ్చిన' అంటరు గదా, ఆమె ఎన్నడు విజయవాడ పోయింది?" అని. ఆ రాత్రంత కోపంతోటి నిద్ర పట్టలే. తెల్లారి పెన్సిల్ పట్టుకొని కూసుంటే అసొంటివి పదిహేడు దొరికినయ్, రెండో ముద్రణల అన్ని దిద్దిన. శాలువ ఏడున్నదో గూడ యాదికి లేదు.

వేయిస్తంభాల నీడ:
అక్క జెప్పింది నిజం. తెలంగాణల కవులే లేరని ఒకాయన అన్నందుకే గదా సురవరం ప్రతాపరెడ్డి గారు 1934ల 354 మంది కవులతోటి గోలకొండ కవుల సంచిక తెచ్చిండు. ఘాటు మాట మంచిదే.

పరకాల అక్క:
తమ్మీ, అది రివ్యూ కాదు. సదవకుంట, తెల్సుకోకుంట అన్న మాట. నేను జెప్పేదానికి ఉల్టా.

కాజీపేట ప్యాసింజర్:
అందరు జమ్మికుంట పిల్ల లెక్క సదువుతరా అక్కా? మా దోస్తు కవితల బుక్కుకు ఒకడు వన్ స్టార్ కొట్టి ఏం రాసిండో తెల్సా, "పార్సిల్ లేటు, మూల మడత వడ్డది". కవిత్వం సంగతి ఒక్క ముక్క లేదు. వాడి నుంచి కవి ఏం నేర్సుకోవాలె, మూలలు మడ్వకుంట రాసుడా?

వేయిస్తంభాల నీడ:
😂 అది గూడ నిజమే. ఇంగో ముచ్చట, దగ్గరి దోస్తులు, ఇంటోళ్లు రివ్యూలు రాయొద్దని అమెజాన్ రూల్సులనే ఉన్నది, పసిగడ్తే తీసేస్తరు. చౌరస్తా తమ్మీ, నువ్వు దోస్తువైతే అండ్ల రాయకు, ఫేస్‌బుక్కుల ఆయన ఎట్ల తెల్సో ముందుగల్ల జెప్పి రాయి.

పరకాల అక్క:
స్టార్ల పంచాయితీ ఇడ్సిపెట్టు. ఏ మూడు కథలు నచ్చినయో పేర్లతోని రాయి, మిగిలినయ్ ఏడ ఆగి పక్కకు వెట్టినవో పేజీ నంబరు జెప్పు. "అద్భుతం, అక్షర సత్యం" అన్న రివ్యూ సూసి ఎవలు కొనరు. ఫలానా కథల మేడారం బస్సుల తల్లి బెల్లం మూట ఒళ్లె వెట్టుకొని నిద్రవోయిన సీను ఉన్నదంటే కొంటరు.

హన్మకొండ చౌరస్తా:
రాసిన అక్కా, ఫేస్‌బుక్కులనే. పెట్టే ముందు అన్నకు పంపిన. ఏడో కథ చివర్ల ఉపన్యాసం తీసేస్తే బాగుండు అని గూడ రాసిన. బ్లూ టిక్కులు వడి రెండు గంటలైంది, టైపింగ్ అని వస్తది, మళ్ల పోతది.

కాజీపేట ప్యాసింజర్:
రేపు చాయ్‌కి పిలుస్తడు సూడు. బిల్లు నువ్వే కట్టు.