బీటెక్ రెండో ఏడాదికి ఈసీజీ ల్యాబ్: మనిషికి తగిలించగానే ఔట్‌పుట్ పైకి పోయి ఆగిపోతోంది

ఈసీఈ_ల్యాబ్:
రెండో ఏడాది పిల్లలకు బయోమెడికల్ ఇంజినీరింగ్ పరిచయం చేయడానికి నాలుగు ల్యాబ్ క్లాసులున్నాయి. రెడీమేడ్ మాడ్యూల్ చూపించి వదిలేయకుండా, ఏడీ620తో (రెండు ఇన్‌పుట్ల మధ్య తేడాను పెంచే ఐసీ) ఈసీజీ యాంప్లిఫయర్ వాళ్ల చేతే కట్టిస్తున్నాం. గుండె సిగ్నల్ 1 మిల్లీవోల్టే కాబట్టి గెయిన్ రెసిస్టర్ 49.9 ఓమ్‌లు పెట్టి దాదాపు 1000 గెయిన్, అంటే సిగ్నల్‌ని అన్ని రెట్లు పెంచేలా, ఇచ్చాం. సప్లై రెండు 9 వోల్టుల బ్యాటరీలు. ఫంక్షన్ జనరేటర్‌తో బాగానే ఉంది, మనిషికి తగిలిస్తే ఔట్‌పుట్ ప్లస్ సప్లై దగ్గర అతుక్కుపోతోంది. ఐసీ మార్చినా అంతే.

సిగ్నల్_పథం:
ఐసీ తప్పేం లేదండీ. ఎలక్ట్రోడ్ చర్మాన్ని తాకిన చోట డీసీ వోల్టేజీ పుడుతుంది, అది రెండు ఎలక్ట్రోడ్లకూ ఒకేలా ఉండదు. తేడా 20 మిల్లీవోల్టులున్నా చాలు, 1000 గెయిన్‌తో 20 వోల్టులవుతుంది. మీ బ్యాటరీ ఎక్కడ ఇస్తుంది? ఈసీజీ మెషీన్లను 300 మిల్లీవోల్టుల తేడానైనా తట్టుకునేలా తయారుచేసేది ఇందుకే.

గెయిన్ రెసిస్టర్ 5.6 కిలోఓమ్‌లు పెట్టండి. గెయిన్ 9.8 అవుతుంది, 300 మిల్లీవోల్టులొచ్చినా ఔట్‌పుట్ 3 వోల్టుల లోపే. ఆ తర్వాత సిరీస్‌లో 1 మైక్రోఫారడ్, గ్రౌండ్‌కి 330 కిలోఓమ్‌లు: 0.48 హెర్ట్జ్ కింద ఉన్నదంతా తగ్గిపోతుంది. కెపాసిటర్ ఫిల్మ్‌దే వాడాలి, ఎలక్ట్రోలిటిక్ లీకవుతుంది. రెండో దశలో నాన్-ఇన్వర్టింగ్ ఆప్-ఆంప్, 100 కిలో, 1 కిలో రెసిస్టర్లతో 101 గెయిన్. 100 కిలోకి అడ్డంగా 39 నానోఫారడ్ పెడితే 41 హెర్ట్జ్ పైన కోత మొదలవుతుంది. మొత్తం గెయిన్ మళ్లీ 1000 దగ్గరికే వస్తుంది.

సిగ్నల్ ఎంత చిన్నది అనే దానికన్నా, దానితోపాటు ఇంకేం వస్తోంది అన్నదే పిల్లలకు ముందు అలవాటు కావలసిన ప్రశ్న. ఇంకో మాట: 0.5 హెర్ట్జ్ ఫిల్టర్ ఎస్‌టీ భాగాన్ని (ఈసీజీ అలలో పెద్ద శిఖరం తర్వాత వచ్చే ముక్క) వంకర చేస్తుంది. రోగ నిర్ధారణ మెషీన్లు 0.05 నుంచి మొదలుపెడతాయి. ఈ గ్రాఫ్ చూసి ఎవరి గుండె గురించీ తీర్పు చెప్పనివ్వకండి.

ఈసీఈ_ల్యాబ్:
అల కనిపిస్తోందండీ, థాంక్స్. కానీ ఆర్ శిఖరం (అలలో అన్నిటికన్నా ఎత్తైనది) కిందికి ఉంది, మీద కరెంటు లైన్ల 50 హెర్ట్జ్ హోరు దట్టంగా ఉంది. ఆ ఒక్క ఫ్రీక్వెన్సీనే కోసే నాచ్ ఫిల్టర్ పెట్టమంటారా?

వార్డు_ఇంజినీర్:
ఇప్పుడే వద్దు. కుడిచేయి మైనస్‌కి, ఎడమకాలు ప్లస్‌కి వెళ్లాలి, తీగలు తారుమారైనట్టున్నాయి. కుడికాలు రెండు బ్యాటరీల మధ్య బిందువుకి వెళ్లాలి. అది లేకపోతే ఇన్‌పుట్ బయాస్ కరెంటుకు (ఐసీ ఇన్‌పుట్లలో పారే చిన్న కరెంటు) దారి ఉండదు.

50 హెర్ట్జ్‌కి ఒక్కో ఎలక్ట్రోడ్‌నీ వేలితో నొక్కి చూడండి. ఏది నొక్కితే హోరు తగ్గిందో దాని కాంటాక్ట్ బాగోలేదు. రెండు వైపులా ఇంపిడెన్స్ సమానంగా లేకపోతే, ఒంటి మీదున్న కామన్-మోడ్ వోల్టేజీ (రెండు ఇన్‌పుట్లకూ ఒకేలా వచ్చేది) డిఫరెన్షియల్‌గా, అంటే రెంటి మధ్య తేడాగా, మారి లోపలికొస్తుంది. ఐసీకి ఎంత సీఎమ్ఆర్ఆర్ (కామన్-మోడ్‌ను అణచే శక్తి) ఉన్నా అప్పుడు ఉపయోగపడదు. స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, జెల్ ఎండిపోని కొత్త ఎలక్ట్రోడ్ అంటించండి. తీగలు కలిపి మెలిపెట్టండి. చేతులు ఒళ్లో వదులుగా పెట్టుకోమనండి, బిగిస్తే కండరాల సిగ్నల్ కలుస్తుంది.

బ్యాటరీలే కదా అని ధీమా వద్దు. మెయిన్స్ ఓసిల్లోస్కోప్ ప్రోబు గ్రౌండ్ తగిలించగానే ఆ విద్యార్థి ఎర్త్‌కి కలిసినట్టే. ఛార్జర్ తీసేసిన ల్యాప్‌టాప్ వాడండి. మూడు తీగల్లోనూ 100 కిలోఓమ్‌లు సిరీస్‌లో పెట్టండి: 18 వోల్టులు రెండు తీగల మీద పడినా 90 మైక్రోఆంపియర్లే. అయితే 230 వోల్టులు ఒక తీగకు తగిలితే ఇదే రెసిస్టర్ 2.3 మిల్లీఆంపియర్లను పోనిస్తుంది, మెయిన్స్ నుంచి అది రక్షణ కాదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు అసలు తగిలించవద్దు.

నమూనా_250:
గ్రాఫ్‌ని కంప్యూటర్‌లో చూడటానికి ఆర్డుయినో ఊనోకి (మైక్రోకంట్రోలర్ బోర్డు) ఇచ్చేటప్పుడు: మీ ఔట్‌పుట్ మైనస్‌లోకీ వెళ్తుంది, ఊనో 0 నుంచి 5 వోల్టులే చదువుతుంది. ఔట్‌పుట్‌కీ 5 వోల్టులకీ మధ్య రెండు 10 కిలోఓమ్‌లు పెట్టి, నడిమి బిందువును అనలాగ్ పిన్‌కి ఇవ్వండి. ఊనో గ్రౌండ్ బ్యాటరీల మధ్య బిందువుకి. బేస్‌లైన్ 2.5 వోల్టుల దగ్గర నిలుస్తుంది, 1 మిల్లీవోల్టు ఆర్ శిఖరానికి ఊనో కొలిచే 1024 మెట్లలో సుమారు 100 దక్కుతాయి.

సెకనుకు 250 నమూనాలు తీసుకోండి. సీరియల్ 9600 బాడ్‌లో (సెకనుకు 9600 బిట్లు) ఉంటే కుదరదు: మూడంకెల విలువ, లైన్ ముగింపు కలిపి 5 అక్షరాలు, ఒక్కోదానికి స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి 10 చొప్పున 50 బిట్లు, సెకనుకు 192 లైన్లే వెళ్తాయి. 115200 పెట్టండి. డిలే కాకుండా టైమర్ వాడండి, లేకపోతే నమూనాల మధ్య ఎడం మారిపోయి గుండె వేగం లెక్క తప్పుతుంది.