వరద భయానికి ఉల్లి మాత్రలా?

సింగ్‌నగర్ వాసి:
2024 సెప్టెంబరులో మా విజయవాడలో బుడమేరు పొంగినప్పుడు అమ్మ మేడ మీద చిక్కుకుపోయింది. ఇప్పటికీ చినుకు పడితే చాలు, బియ్యం డబ్బా అటక ఎక్కించి రాత్రంతా మేలుకుంటుంది. పగలేమో పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతుంది. ఇంటికి ఎవరొచ్చినా వరద కథే. ఉల్లిలో ఉండే క్వెర్సెటిన్ అనే ఫ్లేవనాయిడ్ (మొక్కల్లో దొరికే ఒక రకం పదార్థం) దీనికి పనిచేస్తుందని మందుల దుకాణంలో మాత్రలు ఇచ్చారు. వాడవచ్చా?

దుగ్గిరాల రైతు:
మాత్రలెందుకు, పాలలో పసుపు వేసి ఇవ్వండి. పసుపులో లేని ఫ్లేవనాయిడా?

ఫార్మసీ మాస్టారు:
పసుపులో ఉండే కర్కుమిన్ ఫ్లేవనాయిడ్ కాదండీ. రెండూ పాలీఫినాల్స్ అనే పెద్ద కుటుంబానివే గానీ నిర్మాణం వేరు. ఇక మాత్రల సంగతి. గాయపడిన మనసు మీద ఫ్లేవనాయిడ్ల ప్రభావాన్ని ఎక్కువగా ఎలుకల్లోనే చూశారు. వాడుకలో ఉన్న ఒక పద్ధతి చెబుతాను: ఎలుకను 2 గంటలు కదలకుండా బంధిస్తారు, 20 నిమిషాలు ఈదిస్తారు, ఈథర్‌తో స్పృహ తప్పించి 7 రోజులు వదిలేస్తారు. ఆ తర్వాత దాని భయాన్ని, జ్ఞాపకాన్ని కొలుస్తారు. 7,8-డైహైడ్రాక్సీఫ్లేవోన్ అనే ఫ్లేవనాయిడ్ ఇస్తే ఎలుకలు భయాన్ని త్వరగా వదిలించుకున్నాయని 2011లో ప్రచురించారు. మనుషుల్లోనా? 2023లో వచ్చిన అమెరికా ప్రయోగంలో 3,562 మంది పెద్దవాళ్లకు మూడేళ్లు కోకో ఫ్లేవనాల్స్ (ఇవీ ఫ్లేవనాయిడ్లే) గానీ ఉత్తుత్తి మాత్రలు గానీ ఇచ్చారు. సరైన తిండి లేనివారికే జ్ఞాపకశక్తి కాస్త మెరుగైంది. అందులో వరద బాధితులు లేరు, ఉల్లీ లేదు. పైగా అమ్మగారు రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే డాక్టరును అడగకుండా ఈ మాత్ర ముట్టుకోవద్దు.

కృష్ణలంక కోడలు:
రాత్రి కునుకు లేకపోతే ఎవరి పాలైనా పొంగుతాయి.

దుగ్గిరాల రైతు:
కర్కుమిన్ కాదు, సరే. కొమ్ములో ఇంకేవీ లేవా? మా ఆవిడకు నరాల మాత్రలు రాసి నెలల తరబడి మగతలో పడేశారు. అన్నం ముందు కూర్చుని తూగేది. పసుపు ఎవరినైనా అలా చేసిందా? మీరెప్పుడూ డాక్టర్ల పక్షమే!

ఫార్మసీ మాస్టారు:
మీ ఆవిడ బాధ అబద్ధమని నేననలేదు. మందు పడకపోతే మార్పిస్తారు. మందే లేకుండా మాటలతో చేసే చికిత్సా ఉంది, జరిగినదాన్ని నిపుణుల ఎదుట కొద్దికొద్దిగా చెప్పిస్తారు. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే టెలి మానస్ 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

పాయకాపురం:
అసలు ఆమెకు జబ్బని ఎవరు తేల్చారు? కాలువకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి, నీళ్లొచ్చాయి. బియ్యం పైకెక్కించడం తెలివి. ఫ్రిజ్ కిందే వదిలేసి పోగొట్టుకున్నవాణ్ణి నేను.

ఫార్మసీ మాస్టారు:
బియ్యం ఎక్కించడం తెలివే. వాన పడ్డ ప్రతి రాత్రీ జాగారం చేయడమూ తెలివేనా?

పాయకాపురం:
కొడుకు అడిగింది నిద్ర కోసం కాదు. వరద మాట ఎత్తకుండా ఉండాలని. మొదటి పోస్టు మళ్లీ చదవండి.

సింగ్‌నగర్ వాసి:
అవునండీ, అందుకే! ఇల్లు అమ్మకానికి పెట్టాం. చూడడానికి వచ్చినవాళ్లను ముందుగదిలోకి తీసుకెళ్లి, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గోడ మీద చెయ్యి పెట్టి మరీ చూపిస్తోంది. వచ్చిన బేరం వచ్చినట్టే పోతోంది. అప్పు మీద వడ్డీ మీరు కడతారా?

ఫార్మసీ మాస్టారు:
ఆ ముక్క ముందే చెబితే ఎలుకల గురించి ఇంత రాసేవాణ్ణి కాను. ఆమెకు మరుపు తెప్పించే మాత్ర నా దగ్గర లేదు. నిద్ర కోసమైతే ఆ నంబరుకు చేయండి, ఫోను మాత్రం ఆమె చేతికే ఇవ్వండి.