ఈక్వాలిటీ యాక్ట్‌లో మతస్వేచ్ఛ డిఫెన్స్ తీసెయ్యడం కరెక్టేనా?

సందేహాల్రావు:
అమెరికా ఈక్వాలిటీ యాక్ట్ బిల్లు గురించి చదువుతున్నా. ట్రాన్స్‌జెండర్ అనో గే అనో ఉద్యోగంలో, అద్దె ఇళ్ళ దగ్గర, షాపుల్లో ఎవర్నీ వేరుగా చూడకూడదంటుంది, 2019లో ఓసారి 2021లో ఓసారి ప్రతినిధుల సభలో పాసై సెనేట్‌లో ఆగిపోయింది. అందులో ఒక క్లాజ్ ఉంది, వివక్ష కేసు పడితే 1993 నాటి మతస్వేచ్ఛ చట్టం, అదే అందరూ రిఫ్రా అంటారే, దాన్ని అడ్డం పెట్టుకోడానికి లేదట. ట్రాన్స్ వాళ్ళ హక్కులతో నాకే పేచీ లేదు గానీ ఇది మాత్రం మింగుడు పడట్లేదు. సివిల్ రైట్స్ సంఘాలు దీనికి ఎలా ఓకే అంటున్నాయి?

పాతకాపు:
పడకపోవడంలో తప్పేం లేదు బ్రో. అసలు రిఫ్రా ఎందుకొచ్చిందో చూడు, ఒరెగాన్‌లో నేటివ్ అమెరికన్ చర్చివాళ్ళు ఇద్దరు పూజలో పెయోటీ (మత్తునిచ్చే ఒక కాక్టస్) తీసుకున్నారని ఉద్యోగం ఊడింది, నిరుద్యోగ భృతి కూడా ఇవ్వలేదు, 1990లో సుప్రీం కోర్టూ వాళ్ళని ఆదుకోలేదు. అది చూసి లెఫ్ట్ రైట్ కలిసి తెచ్చారు, సెనేట్‌లో 97-3. పౌరహక్కుల సంఘం ఏసీఎల్‌యూ కూడా అప్పుడు జెండా మోసింది, 2015లో చేతులు దులుపుకుంది. సిక్కు కుర్రాళ్ళు గడ్డం తియ్యకుండా మెరైన్స్ ట్రైనింగ్‌కి వెళ్ళొచ్చని 2022లో కోర్టు చెప్పిందంటే ఈ చట్టం వల్లే. చిన్న మతాలకున్న గొడుగు అది, దానికే చిల్లు పెడతామంటే ఎలా?

నీలిమ_లా:
పాతకాపు గారూ, గొడుగు సరే, అది ఎవరి నెత్తిన వాలుతోందో కూడా చూడాలిగా. గడ్డం ఉంచుకుంటే పక్కవాడి జీతం పోదు. మిషిగన్‌లో ఎయిమీ స్టీఫెన్స్ అనే ట్రాన్స్ మహిళ 2013లో ఇకనుంచి ఆడమనిషిగానే డ్యూటీకొస్తా అని లెటరిస్తే ఫ్యూనరల్ హోమ్ ఓనర్ తీసేశాడు, 2016లో కింది కోర్టు రిఫ్రా పేరు చెప్పి ఓనర్‌నే గెలిపించింది! 2018లో అప్పీల్ కోర్టు తిరగేసింది, 2020 జూన్‌లో సుప్రీం కోర్టు 6-3తో ఆవిడ పక్షం పలికింది. అప్పటికి ఆవిడ పోయి నెలైంది.

సందేహాల్రావు:
మరి గెలిచారుగా, ఇంక ఆ క్లాజ్ దేనికి?

నీలిమ_లా:
ఆ తీర్పు ఉద్యోగాల వరకే. పైగా ఆ తీర్పు రాసిన జడ్జి గోర్సచ్ అందులోనే రిఫ్రాని సూపర్ చట్టంలాంటిదని చెప్పి, ఇది ఉద్యోగాల్లో వివక్ష కూడదనే చట్టం టైటిల్ సెవెన్‌తో ఎక్కడ ఢీకొంటుందో తర్వాత కేసుల్లో చూద్దాం అని వదిలేశాడు. ఆ తలుపు మూసెయ్యడానికే క్లాజ్. రిఫ్రాని రద్దు చెయ్యట్లేదు, సిక్కుల కేసు రేపైనా అలాగే గెలుస్తుంది.

కొత్తబిచ్చగాడు:
ఎందుకు ఇంత గొడవ, గే జంట పెళ్ళికి కేకు చెయ్యనన్న బేకరీవాడి కేసులో మతమే గెలిచింది కదా 😀

నీలిమ_లా:
మీరు వేసిన జోకే నా పాయింట్ అండీ. 2018 కేకు కేసు 7-2, కొలరాడో పౌరహక్కుల కమిషన్ ఆ బేకరీ ఆయన మతాన్ని చులకన చేసిందని గెలిచాడు, 2023లో గే పెళ్ళిళ్ళకి సైట్లు చెయ్యనన్న వెబ్‌సైట్ డిజైనర్ గెలిచింది వాక్‌స్వాతంత్ర్యం మీద. మత గురువుగా ఎవర్ని పెట్టుకోవాలో ప్రభుత్వం చెప్పకూడదని 2012లోనే 9-0తో తేలింది. ఇవన్నీ రాజ్యాంగంలోని ఫస్ట్ అమెండ్‌మెంట్ (మత, వాక్ స్వేచ్ఛలకి హామీ) కేసులు. ఏ బిల్లూ దాన్ని తీసెయ్యలేదు.

పాతకాపు:
అది ఒప్పుకుంటా, నేను రిఫ్రానీ ఫస్ట్ అమెండ్‌మెంట్‌నీ కలిపేశాను. కానీ 2015లో యూటా ఏం చేసింది? మోర్మన్ చర్చితో కూర్చుని మాట్లాడి, మతసంస్థలకి మినహాయింపులిచ్చి, ఉద్యోగం, ఇల్లు రెండింట్లో ట్రాన్స్ వాళ్ళకి రక్షణ చట్టం చేసేసింది. మీ బిల్లు సెనేట్ గడపే దాటలేదు, కాగితం మీద బ్రహ్మాండంగా ఉంటే జీతం వస్తదా?

నీలిమ_లా:
యూటాలో షాపులు, హోటళ్ళు వదిలేశారుగా. రూమ్ దొరకనివాళ్ళకి ఏం చెప్తారు?

పాతకాపు:
దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ ఉద్యోగం ఊడినవాళ్ళని ఆ రూమ్ సంగతి తేలేదాకా ఆగమని మీరూ చెప్పలేరు కదా.