సిక్కోలు ముందా, శ్రీకాకుళం ముందా?

నాగావళి ఒడ్డు:
మన శ్రీకాకుళాన్ని జనం పిలిచే సిక్కోలు అనే పేరు ఎక్కడిదంటే “సిక్కా ఖోల్” కథ మళ్లీ తిరుగుతోంది. శిస్తు కట్టడానికి వచ్చినవాళ్లను నవాబు మనుషులు నాణేల సంచి విప్పమనేవారట, అదే పాత సర్కారు కాగితాల్లోని చికాకోల్ అయిందట. “విప్పు” అనే ఆజ్ఞ ఊరి పేరుగా నిలుస్తుందా? వాళ్లు పెట్టాలనుకున్న పేరు పెట్టనే పెట్టారు, గుల్షనాబాద్ అని. అది జనం నోట నిలవలేదు.

పాత బస్టాండు:
సిక్కోలులో “క్క” ఉంది, సిక్కాలోనూ ఉంది. శ్రీకాకుళంలో ఎక్కడుందో చూపండి.

నాగావళి ఒడ్డు:
వరసగా పలికి చూడండి. శ్రీ కాస్తా సీ అవుతుంది, మన వైపు ళ పోయి ల వస్తుంది: సీకాకులం. చివరి “అం” రాలి, “కు” “కో” అయితే సికాకోలు. నడిమి “కా”లో అచ్చు జారితే రెండు క-లూ కలిసి సిక్కోలు. పైగా ఫారసీ లిపిలో ళ లేదు, హ్రస్వాచ్చులు మామూలుగా రాయరు. ఒక గుమస్తా రాసింది ఇంకొకడు వేరేలా చదవొచ్చు.

దివిసీమ:
ఆముక్తమాల్యదలో శ్రీకాకుళం ఉందిగా! 16వ శతాబ్దం. చాలదా?

పాత బస్టాండు:
అది కృష్ణ ఒడ్డున ఘంటసాల దగ్గరి శ్రీకాకుళం, ఆంధ్రమహావిష్ణువు గుడి ఉన్నది. ఈ తప్పు ప్రతి వాదంలోనూ దొర్లుతుంది. సాక్ష్యం తెచ్చేటప్పుడు దేవుడు, నది, పక్క ఊరు మూడూ సరిపోవాలి. శ్రీకూర్మం స్తంభాల మీద తెలుగు శాసనాలు బోలెడు. అందులో మన ఊరి పేరున్న పంక్తి పట్టుకురండి, ఒప్పుకుంటా.

వంశధార:
కాకుళం అంటే కళింగమే. కళింగుల పాత రాజధాని ముఖలింగం పక్కనే ఉందాయె.

నాగావళి ఒడ్డు:
కళింగంలో సున్నా ఏమైంది, రెండో “క” ఎక్కడిది? ఊరికే అనేస్తే కాదు.
పాత బస్టాండు గారూ, మీకు సర్కారు కాగితాల పలుకే ముద్దు. ఆ కాగితాల్లోనూ 1950 ఆగస్టు 15న జిల్లా ఏర్పడింది శ్రీకాకుళం పేరుతోనే. మళ్లీ నవాబు సంచి దగ్గరికి లాక్కెళ్తారేటి?

పాత బస్టాండు:
నవాబు ఎవడికి కావాలి బావూ! మీ వరసలో శ్రీకాకుళం పై మెట్టు, సిక్కోలు కింద రాలిన ముక్క. మన యాసను వెక్కిరించేవాళ్లు అనేదీ ఇదే. సంతలో, బస్సులో జనం పిలిచేది సిక్కోలు. అది పాడైన పేరేటి?

నాగావళి ఒడ్డు:
పాడైందని నేననలేదు, వచ్చిన దారి చెప్పాను. బోర్డు మీద మాత్రం శ్రీకాకుళమే ఉండాలి.

పాత బస్టాండు:
ఎందుకుండాలి? అది చెప్పండి ముందు.

ఆమదాలవలస:
స్టేషను మా ఊళ్లో, బోర్డు మీద శ్రీకాకుళం రోడ్. మా పేరు సంగతి ఎవరైనా అడిగారా?

పాత బస్టాండు:
మీది వేరే గొడవ. నా “క్క”కి సాక్ష్యం రాలేదింకా.