రిజల్యూషన్‌ని ‘స్పష్టత’ అనడం సరైనదేనా?

చిక్కడపల్లిలో మాకు డీటీపీ షాపు ఉంది. పెళ్లికార్డులు, పుస్తకాల అట్టలు చేస్తాం. ఈ మధ్య 27 అంగుళాల 4కె మానిటర్ కొన్నాం. పెట్టగానే మెనూల్లో అక్షరాలు చీమల్లా కనిపించాయి. మా దగ్గర పనిచేసే అబ్బాయి సెట్టింగ్స్‌లో రిజల్యూషన్‌ని 3840×2160 నుంచి 2560×1440కి తగ్గించాడు. అక్షరాలు పెద్దవయ్యాయి, హమ్మయ్య అనుకున్నాం. వారం తిరక్కుండానే ఒక కార్డులో ‘జ్యేష్ఠ పుత్రిక’ కాస్తా ‘జ్యేష్ట పుత్రిక’ అని అచ్చయింది. తెర మీద ఒత్తులు అలుక్కుపోయి ఠ ఒత్తులో చుక్క లేదన్న సంగతి మా కంటికి ఆనలేదు. కార్డులు మళ్లీ వేసిచ్చాం కానీ, ఆ పెళ్లివారి ముందు నిలబడ్డప్పుడు చాలా బాధేసింది.

అప్పటి నుంచి ‘రిజల్యూషన్’ అన్న మాట నన్ను వదలడం లేదు. ఎల్‌సీడీ తెరకు చుక్కలు (పిక్సెళ్లు) ఎన్నన్నది తయారీలోనే ఖాయం. సెట్టింగ్ తగ్గిస్తే మా తెర మీద ఒక్కో చుక్క ఒకటిన్నర చుక్కల మేర సాగాలి. అర చుక్కంటూ ఉండదు కాబట్టి పక్క రంగులో కలిసిపోతుంది. ‘స్పష్టత’ అన్న మాటలో ఈ చుక్కల సంగతే లేదు. ఫిజిక్స్ పుస్తకాల్లో ‘పృథక్కరణ సామర్థ్యం’ అంటారు. దగ్గరగా ఉన్న రెండింటిని రెండుగా చూపడం అని అర్థం. మాట సరైనదే, కానీ షాపులో నోరు తిరగదు. ‘విడమరిచి చెప్పు’ అంటాం కదా, ‘విడమరుపు’ అంటే ఎలా ఉంటుంది?

జవాబు: విడమరుపు నాకు నచ్చిందండీ. కానీ మీ అబ్బాయి మార్చాల్సింది రిజల్యూషన్ కాదు, స్కేలింగ్, అంటే తెర మీద అక్షరాలు, మెనూల సైజు మార్చే సెట్టింగ్. విండోస్‌లో 3840×2160 అలాగే ఉంచి స్కేల్ 150 శాతం పెట్టండి. మెనూలు ఇప్పుడున్నంత పెద్దగానే ఉంటాయి, అక్షరాల గీతలకు మాత్రం అన్ని చుక్కలూ దక్కుతాయి. ఫోటోషాప్‌లో బొమ్మ సంగతి వేరు. అక్కడ వంద శాతం జూమ్ అంటే బొమ్మలోని ఒక పిక్సెల్‌కి తెర మీద ఒక పిక్సెల్. అందుకే పాత తెర నిండా కనిపించిన ఫోటో కొత్త దాంట్లో చిన్నబోతుంది. ఫోటో పాడవలేదు, కంగారుపడి పెద్దది చేసి సేవ్ చేయకండి.

జవాబు: ప్రెస్సువాళ్లు ‘రిజల్యూషన్ 300 ఉండాలి’ అంటారు. అది కాగితం మీద అంగుళానికి ఎన్ని పిక్సెళ్లన్న లెక్క. తెర సెట్టింగ్ ఏది మార్చినా అది మారదు. దానికి ‘సాంద్రత’ చాలు.

ప్రశ్న అడిగిన సభ్యుడు: నిన్న రాత్రే 150 పెట్టాం. ఇప్పుడు ఠ ఒత్తులో చుక్క విడిగా కనిపిస్తోంది. మరి స్కేలింగ్‌ని ‘పెంపు’ అందామా?

జవాబు: వద్దండీ. ‘150 శాతం పెంపు’ అంటే మొత్తం రెండున్నర రెట్లు అయిపోతుంది. ‘ఒకటిన్నర రెట్లు’ అనండి, అబ్బాయికి తేలిగ్గా అర్థమవుతుంది.